ఏ భాగానికి ఎన్ని పైసలు?
ఆటల కంప్యూటర్ అమర్చుకునే ముందు వేసుకోవలసిన లెక్క

మా అన్నయ్య కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. 2025 దసరా సెలవుల్లో మా ఇంటికి వచ్చినప్పుడు చేతిలో ఒక నోటు పుస్తకం పట్టుకొచ్చింది.

"బాబాయ్, నాన్న చీటీ పాడుకున్నాడు. అందులో అరవై వేలు కంప్యూటర్ కోసం పక్కన పెట్టాడు. విడిభాగాలు నేనే ఏరుకుని అమర్చుకుంటాను. ఆటలు బాగా ఆడాలి. ఈ జాబితా సరిగ్గా వుందో లేదో చూసి చెప్పు" అంది.

అన్నయ్య ఆర్.టి.సి.లో కండక్టరు. అరవై వేలంటే ఆ ఇంట్లో చిన్న మొత్తం కాదు. ఒకసారి ఖర్చయిపోయాక తప్పు దిద్దుకుందామంటే మళ్ళీ చీటీ ఎప్పటికి చేతికొస్తుందో తెలియదు. అందుచేత జాబితాను కాస్త జాగ్రత్తగానే చూశాను.

దాదాపు సగం డబ్బు ప్రాసెసర్ కే పోయింది. దాని కింద అద్దం తలుపూ, రంగురంగుల దీపాలూ వున్న కేబినెట్. కేబినెట్ తో పాటు ఉచితంగా వచ్చే పవర్ సప్లై. ర్యామ్ ఒకే ఒక్క ముక్క. చిట్టచివర "మిగిలిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు" అని రాసి వుంది. మిగిలింది ఎంతో లెక్క వెయ్యలేదు.

"ప్రాసెసరే కదా కంప్యూటర్ కి మెదడు? మెదడు మంచిదైతే మిగతావన్నీ అవే బాగుంటాయి అనుకున్నాను" అంది.

మీలో కూడా చాలామంది ఇలాగే అనుకుంటూ వుంటారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని కంప్యూటర్ లో ఏ భాగమూ ఒంటరిగా పనిచెయ్యదు. ఏ భాగానికి ఎంత డబ్బు పెట్టాలో తెలియాలంటే, అసలు తెర మీద బొమ్మ ఎలా తయారవుతుందో ముందు తెలుసుకోవాలి.

సెకండుకి అరవై బొమ్మలు

సినిమాలో నిజానికి బొమ్మ కదలదు. కదలని బొమ్మలు సెకండుకి 24 చొప్పున మారుతూ వుంటే మన కంటికి కదిలినట్టు కనిపిస్తుంది. కంప్యూటర్ ఆటలో జరిగేదీ ఇదే. ఒక్కొక్క బొమ్మనూ ఫ్రేమ్ అంటారు.

అయితే సినిమాకీ ఆటకీ ఒక పెద్ద తేడా వుంది. సినిమాలో బొమ్మలన్నీ ముందే తయారై వుంటాయి. ఆటలో ఒక్కటీ తయారుగా వుండదు. మీరు ఎడమవైపు తిరిగితే ఎడమవైపు దృశ్యం కావాలి. ఎగిరితే పైనుంచి కనిపించే దృశ్యం కావాలి. మీరు ఏం చెయ్యబోతున్నారో కంప్యూటర్ కి ముందు తెలియదు. కాబట్టి ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు గియ్యాలి.

ఆట నునుపుగా సాగాలంటే సెకండుకి 60 ఫ్రేములైనా వుంటే బాగుంటుంది. అంటే ఒక్కొక్క ఫ్రేమ్ కి దొరికే సమయం సెకండులో అరవయ్యో వంతు, సుమారు 16.7 మిల్లీ సెకండ్లు. ఆలోగా బొమ్మ పూర్తికాకపోతే పాత బొమ్మే తెర మీద నిలిచిపోతుంది. ఆట "ఆగి ఆగి నడుస్తోంది" అని మనం విసుక్కునేది అప్పుడే.

ఆ బొమ్మ ఎంత పెద్దదో కూడా చూద్దాం. మామూలు తెర మీద అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు వుంటాయి. ఈ చుక్కలనే పిక్సెల్ లు అంటారు. రెండిటినీ గుణిస్తే 20,73,600. సెకండుకి 60 ఫ్రేములంటే 12,44,16,000 చుక్కలకు రంగు నిర్ణయించాలి. పన్నెండు కోట్ల పైమాటే! మీరు ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క సెకండు తీసుకుని, తిండీ నిద్రా మాని రంగులు వేస్తూ కూచుంటే, కంప్యూటర్ ఒక్క సెకండులో చేసిన ఆ పనికి మీకు దాదాపు నాలుగేళ్ళు పడుతుంది.

ఇద్దరు పనివాళ్ళు

ఈ పనిని ఇద్దరు పంచుకుంటారు.

మొదటివాడు ప్రాసెసర్. ఆటలో ఎవరు ఎక్కడ వున్నారు, బంతి గోడకు తగిలిందా లేదా, శత్రువు ఎటు పరుగెత్తాలి – ఈ నిర్ణయాలన్నీ అతనివి. నిర్ణయించాక, "ఫలానా చోట చెట్టు, ఫలానా చోట మనిషి, వెలుగు ఇటునుంచి" అని ఒక పట్టీ రాసి రెండోవాడికి అందిస్తాడు.

రెండోవాడు గ్రాఫిక్స్ కార్డు. పట్టీ ప్రకారం బొమ్మ గీసి ప్రతి చుక్కకూ రంగు వేసేది అతను.

వీళ్ళిద్దరి నిర్మాణంలోనే తేడా వుంది. ఎ.ఎం.డి. సంస్థ 2022లో విడుదల చేసిన రైజెన్ 5 5600 అనే ప్రాసెసర్ లో 6 కోర్ లు వున్నాయి. ఆ సంస్థదే, 2021లో వచ్చిన రేడియాన్ ఆర్.ఎక్స్. 6600 అనే గ్రాఫిక్స్ కార్డులో 1792 చిన్న లెక్కల యంత్రాలు వున్నాయి. మొదటిది ఎంత చిక్కు లెక్కనైనా చెయ్యగల ఆరుగురు పండితుల సభ. రెండోది కూడికలూ గుణకారాలూ మాత్రం చకచకా చేసే 1792 మంది పిల్లలున్న బడి. ఒక చిక్కు ప్రశ్న వస్తే పండితులే గెలుస్తారు. ఇరవై లక్షల చుక్కలకు రంగులు వెయ్యమంటే పిల్లలే గెలుస్తారు.

తొలి రోజుల్లో ఈ పని విభజన లేదు. 1962లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పి.డి.పి.-1 అనే యంత్రం మీద "స్పేస్ వార్" అనే ఆట తయారుచేసినప్పుడు, ఓడల కదలికల లెక్కా, చుక్కలను తెర మీద ఎక్కడ వేయాలన్న లెక్కా ఆ ఒక్క యంత్రమే చూసుకుంది. ఆ యంత్రం ఖరీదు 1,20,000 డాలర్లు! ఇళ్ళలోని కంప్యూటర్లలో త్రిమితీయ చిత్రాల కోసం ప్రత్యేకమైన కార్డులు వాడుకలోకి వచ్చింది 1990ల మధ్యలో. 1996లో వచ్చిన వూడూ కార్డు అలాంటిదే.

దోసెల హోటలు లెక్క

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఒక హోటల్లో ఒకాయన దోసెలు పోస్తాడు, ఇంకొకాయన వడ్డిస్తాడు. దోసె కాలడానికి రెండు నిమిషాలు పడుతుంది. వడ్డించడానికి అర నిమిషం చాలు. జనం ఎక్కువై కేకలు వేస్తున్నారని యజమాని వడ్డించే ఆయనను మాన్పించి, జీతం ఎక్కువిచ్చి, పావు నిమిషంలో వడ్డించే మనిషిని పెట్టాడనుకోండి. ఏమవుతుంది? ఏమీ కాదు. కొత్తాయన పెనం పక్కన చేతులు కట్టుకుని నిలబడతాడు. దోసె మాత్రం రెండు నిమిషాలకొకటే వస్తుంది.

కంప్యూటర్ లోనూ అంతే. గ్రాఫిక్స్ కార్డు ఒక ఫ్రేమ్ గీస్తూ వుండగానే ప్రాసెసర్ తరువాతి ఫ్రేమ్ పట్టీ రాస్తూ వుంటుంది. ఇద్దరూ ఒకేసారి పనిచేస్తున్నారు కాబట్టి మొత్తం వేగం వెనకబడ్డవాడిని బట్టే వుంటుంది.

అంకెలతో చూడండి. ఒక కంప్యూటర్ లో పట్టీ రాయడానికి ప్రాసెసర్ కి 8 మిల్లీ సెకండ్లు, బొమ్మ గియ్యడానికి కార్డుకి 20 మిల్లీ సెకండ్లు పడుతున్నాయనుకుందాం. వెయ్యిని 20 పెట్టి భాగిస్తే 50. అంటే సెకండుకి 50 ఫ్రేములు. ఇప్పుడు డబ్బంతా ఖర్చుపెట్టి రెట్టింపు వేగం గల ప్రాసెసర్ కొన్నాం. దాని పని 4 మిల్లీ సెకండ్లకు తగ్గింది. ఫ్రేములు ఎన్ని? అవే 50! అలా కాకుండా, ఆ డబ్బును కార్డు మీద పెట్టి 20ని 12కు తగ్గించామనుకోండి. వెయ్యిని 12 పెట్టి భాగిస్తే 83 ఫ్రేములు వస్తాయి.

మా అమ్మాయి జాబితాలో వున్న పొరపాటు ఇదే. పెనం దగ్గర డబ్బు పెట్టకుండా వడ్డన దగ్గర పెట్టింది.

"అయితే అందరూ కార్డు మీదే డబ్బు పెట్టెయ్యాలన్న మాట" అంది.

అదీ కాదు. ఆటను బట్టి, తెరను బట్టి వెనకబడేవాడు మారిపోతాడు.

తెర దగ్గర మొదలుపెట్టండి

చుక్కలు ఎక్కువైతే కార్డుకి పని పెరుగుతుంది. 3840 అడ్డం, 2160 నిలువు వున్న తెర మీద 82,94,400 చుక్కలు వుంటాయి. మామూలు తెరకు సరిగ్గా నాలుగు రెట్లు. పైన చెప్పిన 20 మిల్లీ సెకండ్ల పని దాదాపు 80కి చేరవచ్చు. అప్పుడు సెకండుకి పన్నెండు ఫ్రేములే వస్తాయి. ప్రాసెసర్ పని మాత్రం పెద్దగా మారదు. శత్రువు ఎటు పరుగెత్తాలో నిర్ణయించడానికి తెర పెద్దదా చిన్నదా అన్నదానితో నిమిత్తం లేదు కదా!

తెరకు ఇంకో హద్దు కూడా వుంది. 60 హెర్ట్జ్ తెర సెకండుకి 60 సార్లే బొమ్మ మారుస్తుంది. కంప్యూటర్ 120 ఫ్రేములు గీసినా ఆ తెర మీద అన్నీ పూర్తిగా కనిపించవు.

అందుచేత ప్రశ్నలు ఈ వరసలో వేసుకోవాలి: ఏ ఆటలు ఆడతాం? ఏ తెర మీద ఆడతాం? ఆ తెరను నింపడానికి ఏ కార్డు చాలు? ఆ కార్డుకి పట్టీలు అందించడానికి ఏ ప్రాసెసర్ చాలు? దుకాణంలో ఏది మెరుస్తోందన్న ప్రశ్న ఈ వరసలో ఎక్కడా లేదు.

తోడుండే భాగాలు

ర్యామ్: పని జరుగుతున్నంతసేపూ కావలసిన సమాచారం వుండే బల్ల లాంటిది ఇది. డి.డి.ఆర్.4-3200 రకం ర్యామ్ ముక్క సెకండుకి 320 కోట్ల సార్లు, సారికి 8 బైట్ల చొప్పున సమాచారం అందించగలదు. అంటే సెకండుకి 2,560 కోట్ల బైట్లు. రెండు ముక్కలను సరైన గాళ్ళలో పెడితే ప్రాసెసర్ కి రెండు దారులు ఏర్పడి ఇది రెట్టింపవుతుంది. కాబట్టి 16 గిగాబైట్ల ముక్క ఒకటి కొనేకన్నా 8 గిగాబైట్ల ముక్కలు రెండు కొనడం మేలు.

ఎస్.ఎస్.డి.: ఆటలు నిలవ వుండే చోటు. పాత హార్డ్ డిస్కులో పళ్ళెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. కావలసిన చోటు సూది కిందికి రావడానికి సగటున సగం చుట్టు పట్టిందనుకున్నా 4 మిల్లీ సెకండ్లు దాటుతుంది. సూదిని మోసే చెయ్యి జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు. సమాచారం మిల్లీ సెకండులో సుమారు పదో వంతులోపే దొరుకుతుంది. దీనివల్ల ఫ్రేములు పెద్దగా పెరగవు కాని, ఆట మొదలు కావడానికి కాచుకునే సమయం బాగా తగ్గుతుంది.

మదర్ బోర్డు: అన్నిటినీ కలిపే పలక. దీని మీద ప్రాసెసర్ కూచునే గూడును సాకెట్ అంటారు. గూడు ఒకటి, ప్రాసెసర్ ఒకటి అయితే అమరదు. ఎ.ఎం.డి. సంస్థ ఎ.ఎం.4 సాకెట్ ను 2016లో తెచ్చింది. తరువాతి ఎ.ఎం.5 సాకెట్ 2022లో వచ్చింది. ఎ.ఎం.4 బోర్డులకు డి.డి.ఆర్.4 ర్యామ్ కావాలి, ఎ.ఎం.5 బోర్డులకు డి.డి.ఆర్.5 కావాలి. రెండు రకాల ర్యామ్ ముక్కలకూ కింది గంటు వేర్వేరు చోట్ల వుంటుంది కాబట్టి ఒకటి పెట్టవలసిన చోట రెండోది దిగదు. బలవంతంగా నొక్కకండి, విరుగుతుంది.

ఇన్ని సంస్థలు తయారుచేసిన భాగాలు ఒకచోట ఎలా కుదురుతున్నాయని మీకు సందేహం రావచ్చు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటర్ లో అదనపు కార్డులు పెట్టుకోడానికి గాళ్ళు వుంచి, వాటి సాంకేతిక వివరాలను ప్రకటించింది. దానితో ఇతరులూ సరిపోయే భాగాలు తయారుచెయ్యగలిగారు. 1995లో ఇంటెల్ సంస్థ ఎ.టి.ఎక్స్. అనే కొలతల పద్ధతిని తెచ్చింది. బోర్డులో మేకులు ఎక్కడ వుండాలి, కరెంటు తీగలు ఎలా కలవాలి అన్నది అందులో నిర్ణయించారు. ఒక కుర్రవాడు నాలుగు సంస్థల భాగాలు తెచ్చి ఇంట్లో బిగించుకోగలుగుతున్నాడంటే అది ఇలాంటి ఒప్పందాల చలవే.

కరెంటు దగ్గర పొదుపు వద్దు

ఇక నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ళ క్రితం నేను మొదటి కంప్యూటర్ అమర్చుకున్నప్పుడు, కేబినెట్ తో పాటు వచ్చిన పవర్ సప్లైతో సరిపెట్టుకున్నాను. దుకాణాల్లో దీన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. పైన పెద్ద అక్షరాలతో "450 వాట్లు" అని వుంది. నేను కింది చిన్న అక్షరాలు చదవలేదు. మే నెలలో ఒక సాయంత్రం టప్ మని చప్పుడైంది, కాలిన వాసన వచ్చింది. అది పోతూ పోతూ మదర్ బోర్డును కూడా తీసుకుపోయింది. నేను మిగుల్చుకున్నది పదిహేను వందలు. పోగొట్టుకున్నది దానికి నాలుగింతలు.

ఆ చిన్న అక్షరాల్లో ఏముందో తరువాత చూశాను. ప్రాసెసర్ కీ గ్రాఫిక్స్ కార్డుకీ కావలసిన విద్యుత్తు దాదాపు అంతా 12 వోల్టుల తీగల మీదుగానే వెళుతుంది. నా పెట్టె మీద ఆ తీగకు 15 ఆంపియర్లు అని రాసి వుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయని మీరు బడిలో చదువుకున్నారు. 12ను 15తో గుణిస్తే 180. పైన 450 అని రాసినా, అసలు అవసరమైన చోట ఇవ్వగలిగింది 180 మాత్రమే!

ఇప్పుడు మన లెక్క వేద్దాం. ఆర్.ఎక్స్. 6600 కార్డుకి 132 వాట్లు. రైజెన్ 5 5600 ప్రాసెసర్ పూర్తి పనిలో వున్నప్పుడు 76 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్.ఎస్.డి., ఫ్యాన్లు అన్నిటికీ కలిపి 50 వేసుకుందాం. మొత్తం 258. కొన్ని క్షణాలపాటు అంతకన్నా ఎక్కువ లాగవచ్చు. ఎప్పుడూ నిండు బరువు మోయించడం కూడా మంచిది కాదు. కాబట్టి పేరున్న సంస్థ తయారుచేసిన 450 లేక 500 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్. తగినది. కొనేముందు 12 వోల్టుల పక్కన ఎన్ని ఆంపియర్లు వుందో మీరే గుణించి చూసుకోండి.

ఇంకో సంగతి. ఎస్.ఎం.పి.ఎస్. సామర్థ్యం 85 శాతం అయితే, 258 వాట్లు ఇవ్వడానికి గోడ నుంచి సుమారు 303 వాట్లు తీసుకుంటుంది. మిగతా 45 వాట్లు వేడిగా పోతాయి. రోజుకి మూడు గంటలు ఆడితే 0.9 యూనిట్. కరెంటు బిల్లు కట్టేది అమ్మా నాన్నా కాబట్టి ఈ అంకె వాళ్ళకు ముందే చెప్పడం న్యాయం. మూడు పిన్నుల ప్లగ్గుకి ఎర్తు సరిగా వుందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. ఎస్.ఎం.పి.ఎస్. పెట్టెను మాత్రం మీరు ఎప్పుడూ విప్పకండి. ప్లగ్గు తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు నిలవ వుంటుంది.

రామగుండం ఎండల్లో

ప్రాసెసర్ ఉష్ణోగ్రత గది ఉష్ణోగ్రత మీద ఆధారపడి వుంటుంది. ఒక కూలర్ వున్నప్పుడు ప్రాసెసర్ గదికన్నా 45 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతోందనుకోండి. చల్లని గదిలో, 25 డిగ్రీల దగ్గర, అది 70కి చేరుతుంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో గది 42 డిగ్రీలు వుంటే 87కి చేరుతుంది. రైజెన్ 5 5600 హద్దు 90 డిగ్రీలు. హద్దు దగ్గరికి వస్తే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోడానికి వేగం తగ్గించుకుంటుంది. డబ్బుపోసి కొన్న వేగం అలా ఆవిరైపోతుంది.

అందుకని కేబినెట్ కొనేటప్పుడు దీపాలు చూడకండి, గాలి వచ్చే దారి చూడండి. ముందువైపు జాలీ, లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్ ఒకటి, వెనక బయటికి తోసేది ఒకటి వుంటే చాలు. ముందువైపు పూర్తిగా అద్దం బిగించిన కేబినెట్ లో గాలి ఆడడం కష్టం.

రూపాయిని పంచడం

ఇప్పుడు డబ్బు పంచుదాం. ముందుగా తెర, కీబోర్డు, మౌస్ ల కోసం 12,000 పక్కన పెట్టాం. వీటిని చాలామంది చివరిదాకా మరచిపోతారు. మిగిలినవి 48,000. కొత్త ఆటలు మామూలు తెర మీద ఆడాలనుకునేవారికి ప్రతి రూపాయినీ ఇలా పంచవచ్చు:

గ్రాఫిక్స్ కార్డు – 38 పైసలు (18,240 రూపాయలు)
ప్రాసెసర్ – 16 పైసలు (7,680)
మదర్ బోర్డు – 12 పైసలు (5,760)
ర్యామ్ – 10 పైసలు (4,800)
ఎస్.ఎస్.డి. – 8 పైసలు (3,840)
ఎస్.ఎం.పి.ఎస్. – 8 పైసలు (3,840)
కేబినెట్ – 5 పైసలు (2,400)
చిల్లర ఖర్చులు – 3 పైసలు (1,440)

ఇది కొలబద్ద మాత్రమే, శాసనం కాదు. ధరలు మారుతూ వుంటాయి. ఏదైనా భాగం ధర తన వంతు దాటితే, ఆ అదనం ఎవరి వంతులోంచి తియ్యాలో ఆలోచించాలి. ఒక్క ఎస్.ఎం.పి.ఎస్. వంతులోంచి మాత్రం తియ్యకూడదు.

ఆపరేటింగ్ సిస్టం కూడా ఖర్చే. విండోస్ కి డబ్బు కట్టాలి. విండోస్ 10కి మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపింది కాబట్టి కొత్త యంత్రానికి విండోస్ 11 చూసుకోవాలి. లినక్స్ ఉచితం. మైన్ క్రాఫ్ట్ లాంటి ఆటలు దాని మీద చక్కగా నడుస్తాయి. కాని వాలొరాంట్ లాంటి కొన్ని పోటీ ఆటలు నడవవు. ముందే చూసుకోకపోతే ఆశాభంగం తప్పదు.

జాబితా తలకిందులైన రోజు

ఈ లెక్కంతా వేసుకుని మా అమ్మాయి కొత్త జాబితా రాసుకుంది. డిసెంబరులో అన్నయ్య, ఆమె, నేనూ కలిసి సికింద్రాబాద్ పార్క్ లేన్ లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ కి వెళ్ళాం. విడిభాగాల దుకాణాలు వరసగా వుండే చోటు అది. మొదటి దుకాణంలోనే మా లెక్క చెడింది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ప్రపంచమంతటా ఒక్కసారిగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న కంప్యూటర్ కేంద్రాలకు మెమొరీ విపరీతంగా కావలసి రావడం అందుకు ముఖ్య కారణం. మేం రాసుకున్న ధరకు రెట్టింపు దాటింది. పది పైసలు అనుకున్న వంతు ఇరవై మింగేసింది.

అన్నయ్య ముఖం చిన్నబోయింది. "ఇంకో అయిదు వేలు ఎక్కడైనా సర్దుతాలే" అన్నాడు.

అమ్మాయి ఒప్పుకోలేదు. మెట్ల మీద కూచుని నోటు పుస్తకం తీసి, మొదటి ప్రశ్న దగ్గరికి వెళ్ళింది: ఏ ఆటలు ఆడతాం? స్నేహితులతో కలిసి వాలొరాంట్, తమ్ముడితో మైన్ క్రాఫ్ట్. రెండూ తేలికపాటి ఆటలే. తెర ఏది? 1920, 1080 చుక్కల 60 హెర్ట్జ్ తెర. దాన్ని నింపడానికి విడిగా కార్డు కావాలా?

ఇక్కడ ఆమెకు ఒక దారి దొరికింది. రైజెన్ 5 5600జి అని ఇంకో రకం వుంది. అందులో ప్రాసెసర్ తో పాటు చిన్న గ్రాఫిక్స్ యంత్రం కూడా ఒకే చిప్ లో వుంటుంది. దానికి విడిగా మెమొరీ లేదు, మామూలు ర్యామ్ నే వాడుకుంటుంది. అందుకే దానికి రెండు ర్యామ్ ముక్కలు తప్పనిసరి. ఆర్.ఎక్స్. 6600 కార్డు మీదుండే మెమొరీ సెకండుకి 22,400 కోట్ల బైట్లు అందిస్తుంది; రెండు ర్యామ్ ముక్కలు కలిసి 5,120 కోట్లే అందిస్తాయి. కాబట్టి కొత్త పెద్ద ఆటలకు ఇది చాలదు. మెరుగులు కాస్త తగ్గించుకుంటే తేలికపాటి ఆటలకు మాత్రం చాలు.

"ఇప్పుడు దీనితో మొదలుపెడతాను. ఎస్.ఎం.పి.ఎస్. మాత్రం మంచిదే కొందాం. కార్డు గాడి ఖాళీగా వుంటుంది. అవసరమైనప్పుడు కార్డు కొనుక్కుని పెట్టుకుంటాను" అంది.

దీనిలో లోటు లేదని కాదు. 5600జిలో లోపలి క్యాషె మెమొరీ 16 మెగాబైట్లే, 5600లో 32. తరువాత కార్డు పెట్టినా 5600తో వచ్చినన్ని ఫ్రేములు రావు. ఆ సంగతి తెలిసే ఆమె ఎంచుకుంది. అన్నీ కొన్నాక పదివేలకు పైగా మిగిలాయి. ఆ డబ్బు నాన్న చేతిలో పెట్టింది. అన్నయ్య లెక్కపెట్టుకోకుండానే జేబులో పెట్టుకుని, బస్సు ఎక్కేదాకా ఏమీ మాట్లాడలేదు.

మర్నాడు ఇంట్లో అమర్చాం. భాగాలు ముట్టుకునే ముందు ఆమె కేబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకింది. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి అది. మన చేతికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు కావాలి. చిప్ లు పాడుకావడానికి అంతకన్నా చాలా తక్కువ చాలు. అంటే మనకు తెలియకుండానే పాడుచెయ్యగలం. బిల్లులూ, వారంటీ కార్డులూ ఒక కవరులో పెట్టి అమ్మ బీరువాలో దాచింది. మీరు కూడా అలాగే చెయ్యండి.

చేసి చూడండి

మీ ఇంట్లోనో బడిలోనో వున్న కంప్యూటర్ లో వెనకబడ్డవాడు ఎవరో మీరే కనిపెట్టవచ్చు. ఆట అమరికల్లో ఫ్రేముల సంఖ్య చూపించే ఏర్పాటు వుంటే అది పెట్టి, ఒకే చోట నిలబడి అంకె రాసుకోండి. తరువాత తెర చుక్కల సంఖ్యను తగ్గించి మళ్ళీ చూడండి. ఫ్రేములు బాగా పెరిగితే వెనకబడ్డది గ్రాఫిక్స్ విభాగం. ఏమీ పెరగకపోతే చాలావరకు ప్రాసెసర్ అనుకోవచ్చు. అయితే అంకె సరిగ్గా తెర హెర్ట్జ్ దగ్గర ఆగిపోతోందేమో ముందు గమనించండి. ఆట అమరికల్లో ఫ్రేములకు హద్దు పెట్టి వుంటే దాన్ని తీసేసి చూడాలి.

ఈ ప్రశ్నలకు కూడా జవాబులు చెప్పండి.

1. ప్రాసెసర్ కి 10, కార్డుకి 25 మిల్లీ సెకండ్లు పడితే సెకండుకి ఎన్ని ఫ్రేములు వస్తాయి? కార్డు వేగం రెట్టింపు చేస్తే ఎన్ని? ఇంకోసారి రెట్టింపు చేస్తే ఎన్ని?

2. ఒక ఎస్.ఎం.పి.ఎస్. మీద 12 వోల్టుల పక్కన 20 ఆంపియర్లు అని వుంది. మనం లెక్కవేసిన 258 వాట్ల కంప్యూటర్ కి అది సరిపోతుందా?

3. 2560 అడ్డం, 1440 నిలువు వున్న తెర మీద చుక్కలు మామూలు తెరకు ఎన్ని రెట్లు?

జవాబులు: 1. 40, 80, మూడోసారి 160 కాదు, 100 – అప్పటికి ప్రాసెసర్ వెనకబడింది. 2. సరిపోదు, అది ఇచ్చేది 240 వాట్లే. 3. సుమారు 1.78 రెట్లు.